పాప కాట్: రెండున్నరేళ్లు వాడాక చెబుతున్నా

ఇది బీచ్ అనే చెట్టు చెక్కతో చేసిన మామూలు బేబీ కాట్. నాలుగు వైపులా ఊచలు, ఏ పక్కా కిందికి దిగదు, చక్రాల్లేవు, బొమ్మలు చెక్కిన తలాపు లేదు. పాప పుట్టకముందు బిగించి, మొన్ననే విప్పాం. ఇంతకాలం రాత్రీ పగలూ వాడిన వస్తువు కాబట్టి దీని మంచీ చెడూ రెండూ తెలుసు. మొత్తం మీద నాకు బాగా నచ్చింది.

కొనేటప్పుడు టేపు పట్టుకుని వెళ్లి ఊచల మధ్య సందు కొలిచాను. అమెరికా నిబంధనల ప్రకారం అది దాదాపు 6 సెంటీమీటర్లు దాటకూడదు. యూరప్ ప్రమాణం 4.5 నుంచి 6.5 సెంటీమీటర్ల దాకా ఒప్పుకుంటుంది. అంతకన్నా ఎడంగా ఉంటే పిల్లల ఒళ్లు బయటికి జారిపోయి తల మాత్రం ఇరుక్కుంటుంది. మాది 5.5 వచ్చింది. ఒక పక్క కిందికి దించే రకం కూడా చూపించారు. బిడ్డని ఎత్తుకోవడానికి సులువే, కానీ ఆ పక్కని పట్టి ఉంచే క్లిప్పులు అరిగితే అది ఊడి వేలాడుతుంది, ఆ సందులో బిడ్డ చిక్కుకుపోవచ్చు. అలాంటి ప్రమాదాల వల్లే అమెరికా 2011 జూన్‌లో ఆ రకాన్ని నిషేధించింది. అందుకే అవి వద్దనుకున్నాను. దానికి నా నడుము మూల్యం చెల్లించిందన్నది నిజం. పరుపు ఎత్తు మార్చుకునే మెట్లలో అన్నిటికన్నా కింది మెట్టులో ఉన్నప్పుడు నిద్రపోతున్న పిల్లని అందులో పడుకోబెట్టాలంటే పొట్టివాళ్లకి చాలా కష్టం. ఈ కాట్ మీద నా పెద్ద ఫిర్యాదు అదే.

పరుపు విడిగా కొన్నాం. కాట్‌లో వేశాక అంచుకీ చెక్కకీ మధ్య రెండు వేళ్లు పట్టేంత ఖాళీ కూడా ఉండకూడదు. గట్టిగా ఉండాలి, అరచేత్తో నొక్కి తీస్తే గుంట నిలవకూడదు. పెద్దవాళ్లు ముట్టుకుని చూసి ఇంత గట్టిదా అని బాధపడతారు గానీ, మెత్తటి పరుపులో మొహం కూరుకుపోతే పసిబిడ్డ తనంతట తను తల తిప్పుకోలేదు. మాకు కాట్‌తో పాటు ఊచలకి కట్టే దూది మెత్తలు, దిండు, బొంత సెట్టుగా వచ్చాయి. వాటిని ఒక్కరోజు కూడా వాడలేదు. బిడ్డని వెల్లకిలా, ఏమీ లేని పరుపు మీద, కనీసం ఆరు నెలలు మన గదిలోనే పడుకోబెట్టాలన్నది అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ సలహా. ఊచలకి కట్టే ఆ మెత్తల అమ్మకాన్ని, 10 డిగ్రీలకు మించి వాలుగా ఉండే పడకల అమ్మకాన్ని 2022లో అక్కడ చట్టం చేసి ఆపేశారు. మా అత్తయ్య మాత్రం "తల ఊచలకి కొట్టుకుంటుందమ్మా" అని చాలా రోజులు టెన్షన్ పడింది. కొట్టుకుంది కూడా. కాసేపు ఏడ్చి అటు తిరిగి పడుకునేది. కాలు బయటికి పెట్టి తనే లాక్కునేది.

అసలు పరీక్ష పాప లేచి నిలబడ్డాక మొదలైంది. కూర్చోవడం రాగానే పరుపుని ఒక మెట్టు దించాం, పట్టుకుని నిలబడే సూచన కనిపించగానే అడుగుకి దించేశాం. ఇక రోజూ పొద్దున్నే పై కమ్మీ పట్టుకుని కాట్ మొత్తం ఊపేది. కొన్ని వారాలకి తల వైపు ఎడమ మూల కిర్రుమనడం మొదలైంది. అలెన్ కీతో (ఆరు పలకల బోల్టులు తిప్పే కడ్డీ) ఎంత తిప్పినా బోల్టు బిగుసుకోలేదు. చెక్క లోపల అడ్డంగా ఉండే గుండ్రటి నట్టు దాని గుంటలో తిరిగిపోవడమే కారణం. ఆ నట్టు మీద చిన్న గాడి ఉంటుంది. లోపలివైపు నుంచి స్క్రూడ్రైవర్‌తో ఆ గాడిని బోల్టు వచ్చే దిశకి తిప్పి పట్టుకుంటే బోల్టు సరిగ్గా ఎక్కుతుంది. మా ఆయన అలా పట్టుకుంటే నేను బిగించాను. ఆ తర్వాత నెలకోసారి అన్ని మూలలూ కదిపి చూడటం అలవాటు చేసుకున్నాం, మళ్లీ ఎప్పుడూ వదులు కాలేదు. చెక్క నాణ్యత గురించి ఇంతకన్నా చెప్పక్కర్లేదు.

పళ్లొచ్చేటప్పుడు ముందు కమ్మీ అంతా కొరికేసింది. పాలిష్ పోయి పంటి గాట్లు పడ్డాయి, చెక్క మాత్రం పేళ్లు లేవలేదు. కొరకని పిల్లలుండరు కాబట్టి రంగులో సీసం లేదని రాసి ఉన్నదే కొనండి.

అదే గదిలోకి తీసుకున్న సొరుగుల అల్మారాని మొదటి రోజే పట్టీతో గోడకి బిగించాం. నడక వచ్చాక ఒకసారి కింది రెండు సొరుగులూ లాగి వాటి మీదకెక్కింది. అల్మారా కొంచెం ముందుకి వాలగానే పట్టీ బిగిసి అక్కడే ఆపేసింది. ఇంట్లో పిల్లలుంటే ఈ పట్టీ తప్పనిసరి. కర్టెన్, బ్లైండ్ల తాళ్లు కూడా కాట్‌కి అందని దూరంలో ఉండాలి.

పాప ఎత్తు 89 సెంటీమీటర్లకి దగ్గరపడ్డప్పుడు, ఒక కాలు కమ్మీ మీదికి వేసి ఎక్కబోయింది. ఆ రాత్రి నుంచే పరుపు నేల మీదికి మార్చాం. కాట్ ఇప్పుడు మా చెల్లెలికి ఇచ్చాం. బోల్టులన్నీ లెక్కపెట్టి ఒక సంచిలో వేసి, బిగించే కాగితంతో సహా ఇచ్చాం. మీరు ఎవరి దగ్గరైనా వాడిన కాట్ తీసుకుంటుంటే ముందు అవి అడగండి. ఒక్కటి తక్కువైనా చేతికి దొరికిన బోల్టుతో సర్దుకోకుండా కంపెనీ నుంచి అదే భాగం తెప్పించుకోండి. అది దొరకకపోతే ఆ కాట్ తీసుకోవద్దు.