కథ ముందా, చూపు ముందా?

పర్లాకిమిడిలో మా ముందుగదిలో ఒక పటచిత్రం, అంటే ఒడిశా సంప్రదాయ గుడ్డబొమ్మ, ఉంది. రెండు గుర్రాలపై ఇద్దరు రౌతులు, ఎదురుగా కుండతో ఒక స్త్రీ. కథ తెలిసినవారికి ఇది కాంచీ విజయం: ఒడిశా రాజు పురుషోత్తమ దేవుడికి సాయంగా యుద్ధానికి బయలుదేరిన బలభద్ర జగన్నాథులు దారిలో మాణిక అనే గొల్లపడుచు దగ్గర పెరుగు తాగి, డబ్బుకు బదులు ఉంగరం ఇచ్చారు. ముందే కథ చెబితే బొమ్మ రెండు నిమిషాల్లో అర్థమైపోతుంది. చిక్కూ అక్కడే. పేర్లు తెలియగానే కన్ను పని మానేస్తుంది.

కథ చెప్పకుండా మా మేనకోడలిని పది నిమిషాలు దాని ముందు కూర్చోబెట్టాను. మొదట విసుక్కుంది. తర్వాత, “మామయ్యా, తెల్లాయనకు తెల్ల గుర్రం, నల్లాయనకు నల్ల గుర్రం!” అంది. ఇన్నేళ్లుగా చూస్తున్న నేను రంగుల జతను పట్టించుకోనేలేదు. ఆ తర్వాత చెప్పిన కథ దాని మనసుకు ఇట్టే పట్టింది. కాబట్టి పటచిత్రానికి నా ఓటు చూపు ముందుకే.

గజపతి, రాయగడ జిల్లాల సవర గిరిజనుల గోడబొమ్మ ఇడితాల్ దగ్గర మాత్రం ఈ తీర్పు తడబడుతుంది. ఎర్రమట్టి గోడపై బియ్యప్పిండి తెలుపుతో సూర్యచంద్రులు, ఏనుగులు, సన్నని మనుషులు. ఎంతసేపు చూసినా అది దేవతలకో పితరులకో సమర్పించిన గోడ అని కన్ను ఒక్కటే చెప్పలేదు. అక్కడ ముందు ఇంటివారిని అడగాలి. అయినా మహారాష్ట్ర గిరిజనుల వార్లీ బొమ్మ అనుకుని ఫోటో తీసుకుని వెళ్లేవారే ఎక్కువ.