కులాంతర లగ్గం: హిందూ వివాహ చట్టం మేలా, ప్రత్యేక వివాహ చట్టం మేలా?

2018లో మిర్యాలగూడలో, కులం దాటి పెండ్లి చేసుకున్న ప్రణయ్ హత్య తర్వాత, నల్లగొండ వైపు కులం దాటి లగ్గం చేసుకునే జంటలు మొదట అడిగేది ఒకటే: ఇంట్లో తెలిసేలోపు పని అవుతుందా? ఇద్దరూ హిందువులైతే హిందూ వివాహ చట్టమే మేలు.

కులం వేరన్న ఒక్క కారణంతో హిందువుల పెండ్లి చెల్లదనే వీలు 1949లోనే పోయింది. 1955 హిందూ వివాహ చట్టం షరతుల్లో వర్ణం, కులం మాటే లేదు. అబ్బాయికి 21, అమ్మాయికి 18 నిండాలి, ఇదివరకటి పెండ్లి నిలిచి ఉండొద్దు, దగ్గరి రక్తసంబంధం అడ్డు రావొద్దు. ముందుగా నోటీసు ఇచ్చే పని లేదు. లగ్గం చేసుకుని, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో నమోదు చేయించుకుంటే చాలు.

ఇక్కడ దెబ్బతినేది తంతు దగ్గర. దండలు మార్చుకుని, ఫొటో దిగి, సర్టిఫికెట్ తెచ్చుకుంటే పెండ్లి అయినట్టు కాదు. తంతు జరగకుండా రిజిస్ట్రేషన్ ఒక్కటే హిందూ వివాహాన్ని నిలబెట్టదని 2024లో సుప్రీంకోర్టు గట్టిగా చెప్పింది. జీలకర్ర బెల్లం, పుస్తె కట్టడం, తలంబ్రాలు, ఏడడుగులు, అన్నీ చేయాలి, అన్నిటికీ ఫొటోలుండాలి. గుడి రసీదు, అయ్యగారి వివరాలు దాచుకోవాలి. ఆర్య సమాజ్ పెండ్లికి 1937 నుంచే ప్రత్యేక చట్టం అండ ఉంది. అయినా వాళ్ళిచ్చిన కాగితంతో ఆగిపోకుండా సబ్ రిజిస్ట్రార్ దగ్గర నమోదు చేయించాలి.

1954 ప్రత్యేక వివాహ చట్టంలో తంతు అక్కర్లేదు, ముగ్గురు సాక్షులు చాలు. కానీ ఇద్దరిలో ఒకరు దరఖాస్తు పెట్టే జిల్లాలో కనీసం 30 రోజులు ఉండి ఉండాలి. పెండ్లి చేసుకుంటామని జంట ఇచ్చే నోటీసును ఆఫీసు బోర్డుకు అంటిస్తారు, ఇంకో 30 రోజులు అభ్యంతరాల కోసం ఆగుతారు. హైదరాబాద్‌లో దరఖాస్తు పెట్టినా, సొంతూరు దేవరకొండ అయితే ఆ జిల్లా వివాహ అధికారికీ నకలు పోతుంది. కులం వేరన్నది అభ్యంతరంగా చెల్లదు. కానీ వయసు చాలలేదంటూ పెద్దలు ఫిర్యాదు పెడితే విచారణకు ఇంకో 30 రోజులు పట్టొచ్చు. పదో తరగతి మెమో చేతిలో ఉంటే ఆ గొడవ తొందరగా తేలుతుంది. నోటీసిచ్చిన 3 నెలల్లో పెండ్లి కాకపోతే మళ్ళీ మొదటికే.

అయినా ఈ చట్టం అవసరమయ్యే సందర్భం మన పల్లెల్లో తరచూ వస్తుంది. కాగితాల్లో హిందూ ఎస్సీ అని ఉన్నా, బాప్తిస్మం తీసుకుని చర్చికి పోయే కుటుంబాలు చాలా ఉన్నాయి. ఒకరు క్రైస్తవులైతే హిందూ చట్టం కింద చేసుకున్న పెండ్లి చెల్లదని, ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్ళిన కేసులోనే సుప్రీంకోర్టు 2008లో తేల్చింది. ఈ సంగతి మొహమాటపడకుండా ముందే మాట్లాడుకోవాలి.

ప్రత్యేక చట్టం కింద చేసుకుంటే ఉమ్మడి ఆస్తిలో వాటా పోతుందని భయపెడతారు. ఇద్దరూ హిందువులైతే 1976 సవరణతో ఆ భయం లేదు. పెండ్లితో అమ్మాయి కులం కూడా మారదు, ఎస్సీ సర్టిఫికెట్ అలాగే ఉంటుంది.

ఏ దారి పట్టినా, బెదిరింపులుంటే జిల్లా ఎస్పీకి రాతపూర్వకంగా ముందే అర్జీ ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోవాలి. ఇలాంటి జంటలకు రక్షణ, అవసరమైతే తలదాచుకునే చోటు చూపాలని 2018లో సుప్రీంకోర్టు ఆదేశించింది. ప్రత్యేక చట్టం కింద వెళ్ళేవాళ్ళు నోటీసు బోర్డుకెక్కక ముందే ఆ అర్జీ పెట్టాలి.