ప్లగ్గు రంగు చూసి రోగం చెప్పే మెకానిక్, నల్గొండలో

పాత అంబాసిడర్, పద్మిని కార్లు ఇంకా ఇంట్లో పెట్టుకున్నవాళ్ల కోసం రాస్తున్నా. నల్గొండలో దేవరకొండ రోడ్డు వైపు చిన్న రేకుల షెడ్డు, బోర్డు కూడా లేదు, పాత పెట్రోలు బండ్లు చేసే భాయ్ ఎక్కడ అని అడిగితే చుట్టుపక్కల ఎవరైనా చూపిస్తారు. పనికి ఐదుకు ఐదు ఇస్తా.

మాది నాయిన నడిపిన అంబాసిడర్. 1997 నుంచి ఊళ్లో కొట్టంలోనే ఉంది. ఈ మధ్య వేరే గ్యారేజీలో ఇచ్చి ట్యాంకు కడిగించి, పెట్రోలు, గాలి కలిపి ఇంజన్‌కు పంపే కార్బరేటర్ కిట్టు, కాయిల్, కండెన్సర్ అన్నీ మార్పించాం. సెల్ఫ్ కొట్టగానే అందుకుంటుంది, ఐడ్లింగ్ చక్కగా ఉంటుంది, కానీ నార్కట్‌పల్లి రోడ్డెక్కి కాస్త గట్టిగా తొక్కామా, మిస్సింగ్, అంటే మధ్యమధ్యలో మంట అందక ఇంజన్ తడబడుతుంది. కాలు తీస్తే మళ్లీ మామూలే. ఆ గ్యారేజీ వాళ్లు విప్పిన కార్బరేటరే మళ్లీ మళ్లీ విప్పి బిల్లు వేశారు తప్ప మిస్సింగ్ పోలేదు.

భాయ్ కార్బరేటర్ జోలికే పోలేదు. తనే నడిపి చూసి, మిస్సింగ్ కొడుతున్నప్పుడే ఇంజన్ ఆపేసి, బండిని అలాగే పక్కకు దొర్లించి, రోడ్డు మీదే ప్లగ్గులు, అంటే సిలిండర్లలో పెట్రోలుకు నిప్పురవ్వ అందించే స్పార్క్ ప్లగ్గులు, విప్పాడు. "ఐడ్లింగ్‌ల నడిపిస్తే రంగు మారిపోతది సార్, అప్పుడు చూసి ఏం లాభం" అన్నాడు. నాలుగింటినీ సిలిండర్ల వరుసలోనే గుడ్డ మీద పేర్చాడు. ఒకటో ప్లగ్గు ఆ గ్యారేజీ వాళ్లు వేసిన కొత్తది, కొస లేత గోధుమ రంగులో శుభ్రంగా ఉంది. మిగతా మూడూ నాయిన కాలం నాటివి. వాటి పింగాణీ కొస మీద పసుపు పచ్చని పొర, కుండ మీద మెరుగు పెట్టినట్టు అంటుకుపోయి, గోరుతో గీకినా రాలేదు. కార్బరేటర్‌ది తప్పయితే కొత్త ప్లగ్గు కూడా నల్లబడాలి కదా, ఆ ఒక్క మాటతో నాకు తేలిపోయింది.

ప్లగ్గు కొస చూసి రోగం చెప్పేది ఇట్లా: పొడి మసి వేలికి అంటితే పెట్రోలు ఎక్కువ పోతున్నట్టు, లేదా చోక్ (చల్లని ఇంజన్ అందుకోవడానికి గాలి తగ్గించే మూత) పట్టేసినట్టు. తడి నలుపు, జిడ్డు ఉంటే రింగులో వాల్వ్ గైడ్లో అరిగి ఆయిల్ పైకి వస్తున్నట్టు. ఈ పసుపు పొర మాత్రం సీసం. చల్లగా ఉన్నప్పుడు ఏమీ చేయదు, లోడ్ పడి కొస బాగా వేడెక్కితే కరెంటును తన మీదుగా పాకనిస్తుంది, స్పార్క్ గ్యాప్‌లో దూకాల్సింది పింగాణీ మీదుగా జారి బాడీకి పోతుంది. ఐడ్లింగ్‌లో బాగుండి తొక్కితేనే మిస్సయ్యేది అందుకే.

ఇది కొత్త రోగమేం కాదు. ఇంజన్ కొట్టుకోకుండా (నాకింగ్ రాకుండా) పెట్రోల్లో సీసం కలిపి అమ్మడం అమెరికాలో 1923లో మొదలైంది, ప్లగ్గులు, ఎగ్జాస్ట్ వాల్వులు పాడవుతుంటే ఆ సీసం పొగతో పాటు బయటికి పోవడానికి ఇథిలీన్ డైబ్రోమైడ్ కూడా కలపాల్సి వచ్చింది. అయినా మొత్తం పోయేది కాదు. మన దేశమంతటా సీసం లేని పెట్రోలే అమ్మాలన్నది 2000 ఫిబ్రవరి 1 నుంచి. మా బండి అంతకు ముందే కొట్టంలోకి పోయింది కాబట్టి ఆ సీసం ప్లగ్గుల మీద అట్లనే ఉండిపోయింది.

వైరు బ్రష్షుతో రుద్దితే పింగాణీ మీద ఇనుప గీతలు పడి ఇంకో దారి తయారవుతుందని చెప్పి, మూడూ తీసేసి అదే హీట్ రేంజ్ (ప్లగ్గు కొస వేడిని ఎంత త్వరగా వదులుతుందో చెప్పే కొలత) కొత్తవి వేశాడు. సందు కొలిచే రేకు, ఫీలర్ గేజ్‌తో గ్యాప్ 0.6 మిల్లీమీటర్లకు సరిచేశాడు. వాల్వుల దగ్గర వదిలే సందు, అంటే టాపెట్లు కూడా చూశాడు, ఎందుకంటే సీసం పోయాక పాత హెడ్లలో ఎగ్జాస్ట్ వాల్వ్ సీటు అరిగి లోపలికి దిగుతుంది, దాంతో టాపెట్ గ్యాప్ తగ్గిపోతుంది, అప్పుడప్పుడూ చూపించుకోమన్నాడు. మిస్సింగ్ పూర్తిగా పోయింది. మజూరీ కూడా న్యాయంగానే తీసుకున్నాడు.

నచ్చనిది ఒక్కటే. హెల్పర్ ఆ పాత ప్లగ్గులను గీకి కంప్రెసర్‌తో ఊదబోయాడు. అది సీసం దుమ్ము, పీల్చితే ఒంట్లోనే ఉండిపోతుంది, చిన్నపిల్లల మెదడుకు మరీ చేటు, చేతులకు అంటించుకుని ఇంటికి పోతే వాళ్లకూ అంటుతుంది. చెప్తే భాయ్ వెంటనే ఆపించి తడిగుడ్డతో తుడిపించాడు, కానీ అక్కడ గ్లౌజులు లేవు, పెట్టాలి.

శుక్రవారం మధ్యాహ్నం షెడ్డు మూసి ఉంటుంది. ప్లగ్గులు ముందే విప్పి తుడవకండి, బండి ఎట్లా ఉంటే అట్లనే తీసుకెళ్లండి.