గని ఊళ్లలో ఒక ఒపేరా: సెంట్రల్ సిటీ, లెడ్‌విల్‌లో మూడు రోజులు

మేం డెన్వర్ దగ్గర కాపురం పెట్టి చాలా ఏళ్లయినా, గంట దూరంలో ఉన్న సెంట్రల్ సిటీకి ఎప్పుడూ పోలేదు. కాసినోల ఊరు, మనకెందుకులే అనుకునేవాళ్లం. 2016 జులైలో అమ్మ కుప్పం నుంచి వచ్చింది. అప్పుడే సెంట్రల్ సిటీ ఒపేరా హౌస్‌లో 'ద బ్యాలడ్ ఆఫ్ బేబీ డో' వేస్తున్నారని తెలిసింది. కొలరాడో వెండి గనుల కథ అది. సరిగ్గా అరవై ఏళ్ల కిందట, 1956 జులై 7న, మొదటిసారి ఆడింది కూడా ఆ స్టేజీ మీదే. ఒపేరా అంటే పాటలతో నడిచే నాటకం, అమ్మకు అదేంటో తెలీదు. కానీ 'మైన్స్' అన్న మాట చెవిన పడితే చాలు. మా తాతయ్య కేజీఎఫ్‌లో, అంటే కర్ణాటకలోని కోలార్ బంగారు గనుల్లో, ఛాంపియన్ రీఫ్ గనిలో పనిచేశాడు మరి.

టికెట్ల విషయం ముందే చెప్పేస్తాను. హాల్లో ఉన్నవి 550 సీట్లు. ఎక్కడ కూర్చున్నా పాడేవాళ్ల ముఖం కనిపిస్తుంది, గొంతు వినిపిస్తుంది. కాబట్టి ఖరీదైన సీటు కొనాల్సిన పని లేదు. అమ్మకు మోకాళ్ల నొప్పి కాబట్టి మేం కింద తీసుకున్నాం, లేకపోతే బాల్కనీయే చాలు. శనివారం మధ్యాహ్నం ఆటకు వెళ్లాం. జులైలో ఆ కొండల్లో మధ్యాహ్నమయితే ఉరుములు, వాన. గొడుగు కారులోనే వదిలేసి మేం తడిశాం. పార్కింగ్ దొరకడం కష్టం కాదు, అక్కడి నుంచి ఎక్కడమే కష్టం. ఊరు దాదాపు 8,500 అడుగుల ఎత్తులో, ఏటవాలు వీధుల్లో ఉంటుంది. పది అడుగులకోసారి ఆగి, ఏదో షాపు చూస్తున్నట్టు నటిస్తూ ఊపిరి తీసుకున్నాను.

1859లో ఇక్కడ బంగారం బయటపడింది. ఆ మీదట 'భూమ్మీద అత్యంత సంపన్నమైన చదరపు మైలు' అని ఊరికి పేరొచ్చింది. 1878లో ఒపేరా హౌస్ కట్టుకున్నవాళ్లలో ఎక్కువమంది బ్రిటన్‌లోని వేల్స్ నుంచి, కార్న్‌వాల్ నుంచి వచ్చిన గని కార్మికులు. గోడలు నాలుగడుగుల మందం గ్రానైట్. కార్న్‌వాల్ పేరు వినగానే అమ్మ తల తిప్పింది. కేజీఎఫ్ గనుల్ని 1880ల నుంచి నడిపించిన జాన్ టేలర్ కంపెనీ కూడా కార్న్‌వాల్ వాళ్లనే తెచ్చుకుంది. తాతయ్య నోట 'కెప్టెన్' అన్న మాట ఎప్పుడూ ఉండేది. సైన్యంలో కెప్టెన్ కాదు, గని కెప్టెన్, అంటే గనిలో పని నడిపించే పైవాడు. "ఆ దొరలే ఈడా ఉండారా!" అంది అమ్మ, పాత ఇంటి పక్కవాళ్లు కనబడినట్టు.

ఇక కథ. లెడ్‌విల్‌లో హోరేస్ టేబర్ అనే కొట్టు యజమాని 1878లో ఇద్దరు గని వెతికేవాళ్లకు సరుకులు అప్పిచ్చి, దొరికినదాంట్లో మూడో వంతు వాటా రాయించుకున్నాడు. వాళ్లకు వెండి తగిలింది. రాత్రికి రాత్రే కోటీశ్వరుడు. అతని భార్య అగస్టా అప్పటిదాకా కొట్టు చూసుకుంటూ, గని వాళ్లకు వండిపెడుతూ సంసారం ఈడ్చిన మనిషి. అంతలో సెంట్రల్ సిటీ నుంచి, అంటే మేం కూర్చున్న ఊరి నుంచే, మొగుణ్ని వదిలేసిన ఎలిజబెత్ 'బేబీ' డో లెడ్‌విల్‌లో దిగుతుంది. టేబర్ అగస్టాకు విడాకులిచ్చి ఈమెను 1883లో వాషింగ్టన్‌లో పెళ్లి చేసుకున్నాడు. అధ్యక్షుడు చెస్టర్ ఆర్థర్ కూడా ఆ పెళ్లికి వచ్చాడు. 1893లో ప్రభుత్వం వెండి కొనడం మానేసింది, ధర పడిపోయింది, టేబర్ వీధిన పడ్డాడు.

డగ్లస్ మూర్ బాణీలు, జాన్ లటూష్ మాటలు. పాపం లటూష్, మొదటి ప్రదర్శన అయిన నెలకే చనిపోయాడు. రెండు అంకాలు, పదకొండు రంగాలు. వీధి, హోటల్, పెళ్లి విందు, గని ముంగిలి, ఇలా ఆ చిన్న స్టేజీ మీద మారిపోతూనే ఉండాలి. మా ఊరి జాతరలో సురభి వాళ్లు రంగుల తెర దించి క్షణంలో అడవిని అంతఃపురం చేసేవాళ్లు. నాకదే గుర్తొచ్చింది. ఇంగ్లీషులోనే పాడినా, సాగదీసిన రాగంలో సగం మాటలు అందవు. కథ ముందే చదువుకుని వెళ్లండి. అమ్మకు నేను పొద్దున్నే చెప్పేశాను, అందుకే ఆమె నాకంటే బాగా ఆనందించింది. "పద్యం మాదిరే ఉంది నాయనా, ఆడాడ సాగదీస్తా ఉండారు అంతే" అని తేల్చేసింది.

పేరు బేబీ డోది కానీ, నా మటుకు నాకు ఈ ఒపేరా అగస్టాదే. చితికిపోయిన టేబర్‌ను ఆదుకోమని బేబీ డో తల్లే వచ్చి బతిమాలితే, అగస్టా ఒంటరిగా నిలబడి వెళ్లనా వద్దా అని తనను తాను నిలదీసుకుంటుంది, చివరికి వెళ్లదు. హాలంతా చడీచప్పుడు లేదు. కథలో ఇది 1896 నవంబర్. నిజానికి అగస్టా 1895లోనే కాలిఫోర్నియాలో కన్నుమూసింది, అదీ బాగా డబ్బున్న మనిషిగా. ఇంటికొచ్చి చదివాక తెలిసింది. అయినా ఆ రంగం మీద నాకు కోపం రాలేదు. ఇంకో తమాషా ఏంటంటే, రెండో అంకంలో టేబర్ స్నేహితులు పేకాడుతూ అతనికి సాయం లేదు పొమ్మంటారు. ఆట అయ్యి బయటికొస్తే వీధి పొడుగునా స్లాట్ మెషీన్ల మోత. 1991 నుంచి ఇక్కడ జూదం చట్టబద్ధం.

బసలో తప్పు చేశాం. పక్కనే ఉన్న బ్లాక్ హాక్‌లో, చౌక అని ఒక కాసినో హోటల్ బుక్ చేశాను. గది శుభ్రంగానే ఉంది. కానీ 21 ఏళ్ల లోపు వాళ్లను గేమింగ్ ఫ్లోర్‌లో నిలబడనివ్వరు. లిఫ్టుకు వెళ్లే దారేమో దాని అంచునే. పదకొండేళ్ల మా అమ్మాయిని దాటించిన ప్రతిసారీ సెక్యూరిటీ చూపులు, నాకు టెన్షన్. పైగా ఖాళీ చేసేటప్పుడు బుకింగ్‌లో కనిపించని ఫీజు ఒకటి కలిపారు. పిల్లలుంటే ఆట చూసి డెన్వర్ వెనక్కి వచ్చేయడం మేలు. శాకాహారులు తిండి మీద ఆశ పెట్టుకోవద్దు. అమ్మ కట్టిన చిత్రాన్నమే రెండు పూటలా మమ్మల్ని కాపాడింది.

ఆదివారం పొద్దున లెడ్‌విల్‌కు బయల్దేరాం. ఐ-70 హైవే మీద ఐసెన్‌హోవర్ టన్నెల్ దాటి, ఫ్రీమాంట్ పాస్ అనే కనుమ ఎక్కి దిగితే సుమారు రెండు గంటలు. పాస్ దగ్గర క్లైమాక్స్ గని కనిపిస్తుంది, మాలిబ్డినమ్ అనే లోహం తవ్వే గని. కొండను కొరికి తిన్నట్టుంటుంది. లెడ్‌విల్ 10,152 అడుగుల ఎత్తు. బీపీ ఉన్నవాళ్లు డాక్టర్‌ను అడక్కుండా రావద్దు. మేం అడిగే వచ్చాం. అయినా ఆ రాత్రి అందరికీ తలనొప్పి. పాతకాలం భవనంలోని హోటల్లో దిగాం. కిటికీలోంచి మంచు కొండలు, గదిలో పాత కుర్చీలు, అంతా అందమే. లిఫ్టు మాత్రం లేదు, వేడినీళ్లు రెండో మనిషికి అయిపోయాయి. అయినా కాసినో గది కంటే నాకిదే నచ్చింది. మా ఆవిడ మాత్రం ఒప్పుకోదు.

టేబర్ ఒపేరా హౌస్ 1879లో వంద రోజుల్లో లేపిన కట్టడం. 1882లో ఆస్కార్ వైల్డ్ వచ్చి గని కార్మికులకు ఉపన్యాసం ఇచ్చింది ఇక్కడే. మేం చూసినప్పుడు లోపల గోడలు పెచ్చులూడి ఉన్నాయి. ఆ ఏడాది చివర్లోనే ఊరి పాలకవర్గం దాన్ని కొన్నది. టికెట్ డబ్బులకు న్యాయం జరుగుతుంది, ముందు రోజు ఒపేరా చూసుంటే మరీను. మొదటి రంగం జరిగేది ఈ గుమ్మం ముందే.

నన్నడిగితే ఈ ప్రయాణంలో ఒక్క చోటే చూడగలిగితే ఊరికి తూర్పున ఉన్న, టేబర్‌దైన మ్యాచ్‌లెస్ గని చూడండి. చూడ్డానికి అరగంట కూడా పట్టదు. గని బావి మీద సరుకు పైకి లాగే చట్రం ఒకటి, పక్కన చెక్క గుడిసె. టేబర్ 1899లో చనిపోతూ, మ్యాచ్‌లెస్‌ను వదలొద్దు అని బేబీ డోకు చెప్పాడంటారు. ఆ మాట నిజంగా అన్నాడనడానికి ఆధారం లేదు. ఆమె మాత్రం వదల్లేదు. 1935 మార్చిలో ఆ గుడిసెలోనే చలికి గడ్డకట్టి కనిపించింది. ఒపేరా చివర్లో తలమీది ముసుగు జారి ఆమె జుట్టు తెల్లగా బయటపడుతుంది, మంచు కురవడం మొదలవుతుంది. ఆ గుడిసె గుమ్మంలో నిలబడ్డాకే ఆ రంగం నాకు పూర్తిగా అర్థమైంది. జులైలో కూడా లోపల చలిగానే ఉంది.

అమ్మ లోపలికి రాలేదు. గని చట్రం కింద నిలబడి మా అమ్మాయికి కేజీఎఫ్ సంగతులు చెబుతోంది. భూమి లోపల రాయి పగిలినప్పుడు ఇంట్లో గిన్నెలు ఎలా గలగలమనేవో, డ్యూటీ అయ్యాక తాతయ్య వచ్చేదాకా అమ్మమ్మ ఎలా గుమ్మంలోనే కూర్చునేదో. 2001లో గని మూసేశాక నీళ్లు నిండిపోయాయని కూడా చెప్పింది. "మరి అమ్మమ్మ కూడా అక్కడే ఉండిపోయిందా?" అని అడిగింది పిల్ల.

"లేదమ్మా, ఆయమ్మ బయటపడి మాతో కుప్పం వచ్చేసింది" అంది అమ్మ, శాలువా చెవుల దాకా లాక్కుంటూ. "ఇంక పదండి, నాకు చలేస్తా ఉంది."

సోమవారం దిగొచ్చాం. ఆదివారం సాయంత్రం డెన్వర్ వైపు ఐ-70 ఎక్కారంటే మాత్రం ట్రాఫిక్‌లో ఇరుక్కుంటారు, చిత్రాన్నం ఇంకో డబ్బా ఎక్కువ కట్టుకోండి.