సిలిండర్ వాల్యూమ్‌కి రేడియస్ కొలవాలా, డయామీటరా, చుట్టుకొలతా? ఏది మేలు?

సిలిండర్ వాల్యూమ్ అంటే పై (π) ఇంటూ రేడియస్ స్క్వేర్ ఇంటూ ఎత్తు, అది అందరికీ నోటికొచ్చు. కానీ పుస్తకంలో లెక్కయితే రేడియస్ వాళ్ళే ఇచ్చేస్తారు, చేతిలో నిజం డబ్బానో పైపో ఉన్నప్పుడు ఆ రేడియస్ ఎక్కణ్ణుంచి తెచ్చుకోవాలి? అందుకే ఫార్ములా కన్నా ముందు ఏం కొలవాలో తేల్చుకోవాలంటాను నేను.

రేడియస్ నేరుగా కొలవాలంటే సెంటర్ కచ్చితంగా తెలియాలి, దాని మీద గుర్తేమీ ఉండదు, అందాజాగా పెట్టుకోవాల్సిందే. డయామీటర్ అలా కాదు, స్కేలు ఒక చివర అంచుకి ఆనించి రెండో చివర అటూ ఇటూ జరుపుతూ ఎక్కడ ఎక్కువ వస్తే అదే తీసుకోవచ్చు, తర్వాత డయామీటర్ స్క్వేర్‌ని ఎత్తుతో గుణించి మళ్ళీ 0.7854తో గుణిస్తే అయిపోయింది (పైని 4తో భాగిస్తే వచ్చేది అదే). చుట్టుకొలతకి టేపు చుట్టాలి, దాని స్క్వేర్‌ని ఎత్తుతో గుణించి 12.566తో భాగించాలి, అంటే 4 ఇంటూ పై.

ఇప్పుడు ఒకటే డబ్బా తీసుకుందాం, డయామీటర్ 14 సెం.మీ., ఎత్తు 20 సెం.మీ., వాల్యూమ్ దాదాపు 3079 సీసీ, అంటే మూడు లీటర్ల పైచిలుకు. కొలిచేటప్పుడు 2 మి.మీ. ఎక్కువ చూశామనుకోండి. ఆ తప్పు రేడియస్‌లో జరిగితే ఆన్సర్ 178 సీసీ ఎక్కువొస్తుంది, డయామీటర్‌లో అయితే 89, చుట్టుకొలతలో అయితే 28 మాత్రమే! తప్పు అంతే, కానీ పెద్ద కొలతలో అది చిన్న వాటా అయిపోతుంది, పైగా మనం స్క్వేర్ చేస్తాం కాబట్టి ఒక శాతం తప్పు రెండు శాతం అయి కూర్చుంటుంది. ఎత్తుకి ఆ బాధ లేదు, స్క్వేర్ చేయం కదా.

పై విలువకి 22/7 వాడాలా 3.14 వాడాలా అని తెగ వాదించుకుంటారు గానీ, ఈ డబ్బాకి ఆ రెండిటి మధ్య తేడా 3 సీసీ కూడా లేదు. నిజానికి 22/7 కాస్త దగ్గర, ఏది వాడినా పర్లేదు.

అలాగని ప్రతిదానికీ టేపు చుట్టేయకండి. టేపు బయటి కొలతే చెప్తుంది, మనకి కావాల్సింది లోపల ఎంత పడుతుందనేది. ఇదే డబ్బా గోడ 3 మి.మీ. మందం ఉంటే లోపలి డయామీటర్ 13.4 సెం.మీ.కి పడిపోతుంది, 258 సీసీ పోయినట్టే, అడుగు మందం లెక్కలోకి తీసుకోకుండానే. మందం తెలిస్తే దానికి రెండింతలు డయామీటర్‌లోంచి తీసేయొచ్చు, తెలియకపోతే మాత్రం లోపలి డయామీటరే కొలవడం మంచిది, నోరు పూర్తిగా తెరుచుకుని ఉంటే కష్టమేం కాదు.

కాబట్టి స్తంభం, దుంగ లాంటి లోపల ఖాళీ లేనివాటికి చుట్టుకొలత, ఏదైనా పోసుకునే వాటికి లోపలి డయామీటర్, ఇదీ నా ఓటు. రేడియస్ కొలవడానికి మాత్రం నాకు ఒక్క కారణం కూడా కనపడట్లేదు, కావాలంటే డయామీటర్‌ని సగం చేసుకోవచ్చు. ఇక పైన వెడల్పుగా కింద సన్నగా ఉన్నవి, మధ్యలో ఉబ్బినవి అసలు సిలిండర్లే కావు, వాటికి ఈ మూడూ వదిలేసి నీళ్ళు పోసి కొలజాడీతో కొలుచుకోండి.