దూరం నమ్మొచ్చు, గంటలు మాత్రం టికెట్‌లోనే చూసుకోండి

రాజోలులో మాది టికెట్లు తీసే చిన్న షాపు. కువైట్, మస్కట్, దోహా వెళ్లేవాళ్లే మా గిరాకీ. ఈమధ్య అమెరికాలో పిల్లలున్న పెద్దవాళ్లూ వస్తున్నారు. రెండు విమానాశ్రయాల పేర్లు కొడితే దూరం, ప్రయాణ సమయం చెప్పే యాప్ ఒకటి ఏళ్ల తరబడి వాడుతున్నాను. ఉచితమే, ప్రకటనలే ఈగల్లా ముసురుతాయి.

దూరానికి వంక పెట్టలేం. శంషాబాద్ నుంచి దుబాయ్‌కి 2,550 కిలోమీటర్లు, కువైట్‌కి దాదాపు 3,370. డల్లాస్ కొడితే 14,400 చూపించి, గీతని ఉత్తర ధ్రువం పక్కనుంచి లాగుతుంది. "పడమటికి పోవాల్సింది పైకెందుకు పోతాదండీ?" అని ఒక రిటైర్డు మాస్టారు నాతో పెద్ద వాదనే పెట్టుకున్నారు. గ్లోబు మీద దారం బిగించి చూపిస్తేగానీ ఒప్పుకోలేదు. కాకపోతే మావాళ్లెవరూ ఆ దారిన పోరు. దోహాలో మారితే రెండు విమానాల దూరం కలిపి 15,650 దాకా అవుతుంది. ఆ కూడిక యాప్ చేయదు, మనమే చేసుకోవాలి.

గంటల దగ్గరే తంటా. దూరాన్ని ఒకే వేగంతో భాగించి, ఎక్కడానికీ దిగడానికీ ఓ అరగంట కలిపేస్తుంది. కువైట్‌కి నాలుగున్నర గంటలట, పోను రాను ఒకటే! పైన గాలి పడమర నుంచి తూర్పుకి వీస్తుంది, చలికాలంలో మరీ జోరు. అందుకే పోయేటప్పుడు దాదాపు 5 గంటలు పడుతుంది, వచ్చేటప్పుడు తగ్గుతుంది.

దీనికి తోడు గడియారం తేడా. కువైట్ మనకన్నా రెండున్నర గంటలు వెనక. ఉదయం 7కి శంషాబాద్‌లో లేచిన విమానం అక్కడి టైము 9.30కి దిగుతుంది. కూతుర్ని పంపించిన ఒకావిడ టికెట్ చూసి, "రెండున్నర గంటలేనా బాబూ? మా బస్సు హైదరాబాద్ పోడానికే రాత్రంతా పట్టింది" అంది. అదే కూతురు రాత్రి 10కి కువైట్‌లో ఎక్కితే మన టైము తెల్లవారి 5కి దిగుతుంది. అప్పుడేమో ఏడు గంటలనుకుని కంగారు. ఆవిడకి కావాల్సింది ఫోను ఎన్నింటికి చేయాలో చెప్పేవాడు. యాప్‌లో ఆ సంగతే లేదు.

ఇక మా దగ్గరి రాజమండ్రి విమానాశ్రయం ఉన్న మధురపూడి నుంచి శంషాబాద్ 360 కిలోమీటర్లు, గాల్లో గంట. రాజోలు నుంచి రావులపాలెం, జొన్నాడ మీదుగా మధురపూడి చేరడానికే రెండు గంటలు దాటుతుంది. సంక్రాంతి రోజుల్లో అయితే ఇంకో గంట వేసుకోమంటాను. ఇది యాప్ తప్పు కాదు లెండి.

అయిదుకి మూడు ఇస్తున్నా. పోను ఎంత, రాను ఎంత అని విడివిడిగా చూపించి, దిగే ఊరి టైము కూడా పక్కన వేస్తే నాలుగో నక్షత్రం రెడీగా ఉంది.