ఆభా యాప్ బాగుంది, ఆసుపత్రి కౌంటరే బాగాలేదు

మన వైద్య రిపోర్టులన్నీ ఒకచోట ఉంచుకోవడానికి కేంద్ర ప్రభుత్వం ఇచ్చే డిజిటల్ ఆరోగ్య ఖాతా ఆభా. ఆ యాప్‌కి 5కి 4 ఇస్తాను. మా ఊరి ప్రైవేటు ఆసుపత్రిలో ఆభా నమోదు చేసే కౌంటర్‌కి మాత్రం ఒకటే.

క్యూఆర్ స్కాన్ చేస్తే ఓపీ టోకెన్ వచ్చేస్తుంది, లైన్లో నిలబడే బాధ తప్పింది. అంతకన్నా నాకు నచ్చిందేంటంటే, ఎవరైనా మన రిపోర్టులు అడిగితే ఎందుకు అడుగుతున్నారో, ఏ తేదీల మధ్యవి కావాలో, ఎప్పటివరకు చూస్తారో చూపించి మరీ మన అనుమతి తీసుకుంటుంది. వద్దనొచ్చు, ఇచ్చాక రద్దు కూడా చేసుకోవచ్చు. పేరు తీసేసిన డేటా ఎటు పోతుందో మాత్రం అందులో కనబడదు, అందుకే ఒక స్టార్ తగ్గించాను.

ఇక కౌంటర్. "అమ్మా, ఓటీపీ వచ్చిందా, చెప్పండి" అన్నారు, మా అమ్మ చెప్పేసింది. తన పేరు మీద 14 అంకెల హెల్త్ నంబరు తయారైందని కూడా ఆవిడకి తెలీదు. చేతికిచ్చిన కాగితం కింద, చిన్న అక్షరాల్లో, ఇంగ్లీషులో, పేరు లేకుండా వివరాలు పరిశోధనకు వాడుకుంటామని ఒక లైను. ఏ పరిశోధన, ఎవరు చేస్తారు అనడిగితే "అందరూ సంతకం పెడుతున్నారండీ" అన్నారు.

పేరు తీసేస్తే సరిపోదండి. చిన్న మండలంలో అరుదైన జబ్బు, వయసు, ఊరు తెలిస్తే మనిషెవరో ఇట్టే తెలిసిపోతుంది. మన వ్యక్తిగత వివరాల్ని కాపాడే 2023 డేటా చట్టంలో పరిశోధనకు షరతులతో మినహాయింపు ఉంది, కాబట్టి మన తరఫున ప్రశ్నించాల్సింది ఎథిక్స్ కమిటీయే, అంటే పరిశోధనలో మనుషులకు అన్యాయం జరగకుండా చూసే కమిటీ. కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ 2019 నిబంధనల ప్రకారం అలాంటి కమిటీ కేంద్ర ఆరోగ్య పరిశోధన శాఖ దగ్గర రిజిస్టర్ కావాలి. ఇక్కడ అసలు కమిటీ ఉందో లేదో చెప్పగలిగిన మనిషే దొరకలేదు.

ఖమ్మం గుర్తున్నవాళ్లకి నా కోపం అర్థమవుతుంది. 2009లో అక్కడ ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా హెచ్‌పీవీ టీకా వేసిన అధ్యయనంలో 9,543 అంగీకార పత్రాలు చూస్తే, 2,763 పత్రాల మీద హాస్టల్ వార్డెన్లే సంతకాలు పెట్టారని 2013లో పార్లమెంటరీ కమిటీ నివేదిక బయటపెట్టింది. టీకా వేయించుకున్నాక కొందరు అమ్మాయిలు చనిపోయారు, ఆ మరణాలకు టీకా కారణం కాదని విచారణలో చెప్పారు, నేను టీకాకి వ్యతిరేకిని కూడా కాదు. కానీ అమ్మానాన్నల్ని అడగకుండా వార్డెన్ సంతకం ఎలా చెల్లుతుంది? విషయం చెప్పకుండా తీసుకున్న ఓటీపీ కూడా అంతే.

ఆభా తప్పనిసరి కాదు, వద్దనుకుంటే యాప్‌లోనే తీసేయొచ్చు. షుగర్ రిపోర్టులన్నీ ఒకచోట ఉంటాయని అమ్మ ఉంచుకుంటానంది. పరిశోధనకు మాత్రం ఒప్పుకోవట్లేదని తెలుగులో రాసి ఆసుపత్రిలో ఇచ్చాం, అందినట్టు రసీదు ఇంకా ఇవ్వలేదు.